చెవిన పడని చావు

గోదారి పొంగి బూర్గంపాడు బజార్లల్ల పడవలు తిరిగిన ఏడు అది. శ్రావణంల వచ్చిన నీళ్లు. చలికాలం వచ్చినా గోడల మీద బురద చార పోలె. ఆ చార కింద, ఇంటి ఎనక కొట్టంల, గంగయ్య భార్య ఎర్రమ్మ పాణం పోయింది. పొద్దు ఇంకా నడినెత్తి మీదనే ఉన్నది.

కూతురు ప్రమీలకు ఏడుపు గొంతు దాక వచ్చింది. వదినె పుష్పలత గబుక్కున ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏడ్వకు. నీ కాళ్లు మొక్కుత. మీ అన్న అరుగు మీదున్నడు. వినబడ్తది."

"వినబడనియ్యి. కన్నతల్లి కాదా?"

"వినబడితే మైల. మైలైతే మెళ్లె మాల తియ్యాలె. తెల్లారితే ఇరుముడి కట్టుకొని కొండకు పోవాలె. బస్సు వాకిట్ల నిలబడి ఉన్నది, సూడు."

ప్రమీల ఆ చేతిని విదిలించింది. కానీ ఏడ్వలె. తండ్రి మొకం చూసింది.

గంగయ్య మంచం తలాపున కూసున్నడు. ఎర్రమ్మ కండ్లు మూసిన చెయ్యి ఇంకా ఆమె నుదురు మీదనే ఉన్నది. ఆయన ఎప్పుడూ ఏం అనడు.

ఎర్రమ్మకు ఒక పక్క పడిపోయి ఏడాది దాటింది. మంచం తడుపుతది, నోట్లకెళ్లి సొంగ కారుతది. కొడుకు బాలకృష్ణ అయ్యప్ప మాల ఏసుకున్న పొద్దే, ఇల్లు శుద్ధి గుండాలెనని మంచం ఎత్తి కొట్టంల ఏసిండు. ఆమె కొలిచే ముత్యాలమ్మ రాయిని కూడ మంచంతోటి పంపిండు. కల్లు తాగే దేవత, కోడిని మింగే దేవత దీక్ష ఇంట్ల ఉండొద్దన్నడు. అప్పటిసంది తల్లి, రాయి కొట్టంలనే ఉన్నరు.

దడి అవతల అడుగుల సప్పుడైంది.

బాలకృష్ణ వచ్చి నిలబడ్డడు. నల్ల లుంగి, నల్ల కండువా, పెరిగిన గడ్డం, నొసటి మీద గంధం. కరెంటాఫీసుల లైన్‌మన్ అతను. పదిమంది నడుమ నిలబడితే ఎవరి కన్నైనా ముందు అతని మీదనే పడ్తది.

"మాతా," అని పిలిచిండు. దీక్షల ఉన్నోళ్లు ఆడోళ్లందరినీ గట్లనే పిలుస్తరు, చెల్లెనైనా పెండ్లాన్నైనా. "అమ్మ పండుకున్నదా?"

ప్రమీల దడి దగ్గరికి పోయింది.

"లోపటికొచ్చి సూడు."

"నేను రాను. పండుకున్నదంటే పండుకున్నదను. గంతే చాలు."

"నన్ను మాతా అనకు అన్నా. నీ మాత లోపటున్నది."

"ప్రమీలా!" పుష్పలత కొట్టంలకెళ్లి కసిరింది.

"ఏంది వదినె? చెప్పొద్దా? ఈయన మొకం జూస్తే తెల్వనోడి లెక్క ఉన్నదా?"

బాలకృష్ణ భూమి దిక్కు చూసుకుంట చెప్పిండు. గొంతు పెంచలె.

"మైల చెవిన పడ్డప్పుడు వస్తది మాతా. చెవిన పడకుంటే రాదు. నేను పెట్టింది కాదు, పెద్దోళ్లు పెట్టింది. దూరదేశంల ఉన్నోడికి ఇంటి కబురు ఎప్పుడు అందితే అప్పటిసందే మైల లెక్క. నాకు ఎవరూ ఏం చెప్పలె. నేనేం చూడలె."

"నువ్వు ఏం మాట్లాడుతున్నవో నీకు తెలుసునా?"

"తెల్వదు. తెల్వకుండనే ఉండనియ్యి."

ప్రమీల పండ్లు కొరికింది.

"అయితే ఇను. నీ చెవులనే ఏస్తున్న. మీ అమ్మ..."

"స్వామియే శరణమయ్యప్ప!"

బాలకృష్ణ రెండు చేతులెత్తి అరిచిండు. ముందట వాకిట్ల పందిరి ఏస్తున్న స్వాములు విన్నరు. శరణం వినంగనే బదులు పలకాలె. పలికిండ్రు. "శరణమయ్యప్ప!"

"అన్నా, అమ్మ ఇగ..."

"హరిహరసుతుడే!"

"శరణమయ్యప్ప!" అన్నది వాకిలి.

"ఓరి అన్నా, అమ్మరా..."

"ఆపద్బాంధవుడే!"

"శరణమయ్యప్ప!"

ఆమె నోరు తెరిచినప్పుడల్ల అతను శరణం పలికిండు. కండ్లు గట్టిగ మూసుకున్నడు. మెడ నరాలు తేలినయ్. పలుక్కుంటనే ఎనక్కి ఎనక్కి నడిచి ఇంటి మూల తిరిగి పోయిండు.

ప్రమీల నోరు అట్లనే తెరుచుకొని ఉన్నది. మాట లోపటనే ఉండిపోయింది.

వాకిట్ల ఎవరో అన్నరు: "మన స్వామికి ఇయ్యాల భక్తి పొంగుతాంది."

* * *

కొట్టంల పుష్పలత అత్త మీద దుప్పటి సవరిస్తున్నది. ఎర్రమ్మ కుడిపక్కకు ఒరిగి, మోకాళ్లు పొట్టలకు ముడుచుకొని ఉన్నది.

"కాళ్లు చాపుదాం వదినె," అన్నది ప్రమీల. "బొటనేళ్లు కట్టాలె. జాగు చేస్తే బిగుసుకపోతయ్."

"వద్దు."

"ఏంది వద్దు? రేపు పాడె మీద ఎట్ల పండబెడ్తం? కట్టె అయితది మనిషి."

"చాపి పండబెడితే చూసినోళ్లు ఒక్క చూపుల కనిపెడ్తరు. ముడుచుకొని ఉంటే పండుకున్నదనుకుంటరు. పొద్దుగాల బస్సు పొలిమేర దాటనియ్యి. నువ్వే చాపు, నువ్వే ఏడువు. వాడంత కూసోబెట్టుకొని ఏడువు. నేనొద్దన్న?"

"రేపు చాపాల్నంటే మోకాళ్లు ఇరగ్గొట్టాలె!"

పుష్పలత దుప్పటి చెంపదాక గుంజింది.

"కోడి పులుసు అడిగింది మొన్న," అన్నది ప్రమీల. గొంతు చిన్నగ చేసింది. "నోరు సప్పగుంటుందే బిడ్డా అన్నది. టేకులపల్లిల మా అత్తగారింట్ల వండుకొని, గిన్నెకు బట్ట కట్టుకొని బస్సుల ఒళ్లె పెట్టుకొని తెచ్చిన. బస్టాండ్లనే గుంజుకొని మోరీల పోసిండు మా అన్న. దీక్ష ఇంటికి నీసు తెస్తవా అన్నడు. అమ్మకు ఏం చెప్పిన్నో ఎరికేనా? దారిల ఒలికిందని చెప్పిన."

"నన్నంటవేంది?"

"నువ్వన్న చెప్పకపోతివి మీ ఆయనకు."

"ఏం చెప్పాలె?" పుష్పలత గిర్రున తిరిగింది. "దీక్ష పొడుగునా ఈమె కింది బట్టలు ఎవరు పిండిండ్రు? నువ్వా? ఈమెను ముట్టుకున్నప్పుడల్ల నెత్తి మీద నీళ్లు పోసుకొని గాని ఇంట్ల కాలు పెట్టలె. ఈ చలిల. చెవులు పోటెత్తి రాత్రిళ్లు కన్నంటలె. నువ్వు వారానికోసారి గిన్నెతోటి వస్తివి, మంచిదానివైతివి."

ప్రమీల తల్లి చెంప మీది ఎంట్రుకలు ఎనక్కి దువ్వింది.

పుష్పలత మామ ముందల కింద కూసున్నది. చీర కొంగు చేతికి చుట్టుకున్నది.

"మామా, నువ్వు చెప్పు. పోయినామె ఎట్లాగూ పోయింది. ఈయన మాల తీసిండనుకో, రేపు బజారంత ఏమంటది? వాడోళ్ల మెడల మాల నిలుస్తదా అంటది. ఈయన మాల ఏసుడు మొదలువెట్టిన నాలుగేండ్లసంది కాసుకొని కూసున్నరు ఆ మాట అననీకి. సుబ్బరత్నం గురుస్వామికి మోకాళ్లు పోయినయ్. ఈ ఏడు బస్సును నడిపించేది మనాయన. మన వాడకెళ్లి ఎవరన్న ముందు నడిచిండ్రా? మొన్న పడిపూజల హోటలాయన వచ్చి మనాయన కాళ్లకు మొక్కిండు. నువ్వు చూడలేదా మామా? మన వాడోళ్లకని వేరే చాయ గిలాస దూలానికి తగిలేసినోడు. ఆయనే మొక్కిండు."

గంగయ్య చూసిండు. హోటలాయన బట్టతల కొడుకు పాదాలకు తాకుడు చూసిండు. ఆ పొద్దు ఇంటికొచ్చి కొట్టంల ఎర్రమ్మకు ఆ ముచ్చట చెప్పిండు కూడ. ఎర్రమ్మ ఒక పక్క మూతితోటే నవ్వింది.

"కొరివి ఎవరు పెడ్తరు?" అన్నది ప్రమీల. "ఉన్నది ఒక్క కొడుకు. ఆయన కొండకు పోతే కొరివి ఎవరు పెడ్తరు?"

"మామ పెడ్తడు. పెండ్లానికి మొగడు పెట్టొచ్చునట. పెద్దకర్మ నాటికి ఆయన రానే వస్తడు. గుండు చేయించుకుంటడు. అన్నీ చేస్తడు. ఆయన్నే అడిగిన నేను."

ప్రమీల వదినె మొకంలకు చూసింది.

"ఎప్పుడు అడిగినవ్ వదినె? ఆయనకు తెల్వదు కదా."

పుష్పలత లేచి పోయింది.

"నాయినా," అన్నది ప్రమీల. "నువ్వు చెప్తే వింటడు. నువ్వు పోయి ఒక్క మాట చెవిలె ఏసి రా. నీ మీద శరణం అరవడు. నీ నోట్లకెళ్లి మాట వస్తదని ఎవరూ అనుకోరు."

గంగయ్య దుప్పటి అంచు కింద ఎర్రమ్మ పాదం పట్టుకున్నడు. లాగి చూసిండు. మోకాలు కొద్దిగ ఇచ్చింది. ఇంకా ఇస్తది. ఇప్పుడు చాపితే చాపొచ్చు.

వాకిట్ల పందిరికి గుంజలు పాతుతున్న సప్పుడు వస్తున్నది. నవ్వులు వస్తున్నయ్. ఎవరో పెద్దింటాయన "బాలకృష్ణ స్వామీ, ఈ కొబ్బరి మట్ట ఎటు కట్టాలె?" అని అడుగుతున్నడు. ఇంతకుముందు ఆ గొంతు అతన్ని "ఒరేయ్ లైనూ" అని పిలిచేది.

గంగయ్య పాదం వదిలేసిండు.

* * *

దీపాలు పెట్టే యాళ్లకు పక్కింటి రామక్క వచ్చింది. చేతుల గిన్నె.

"ఎర్రక్కా! జొన్న గటక తెచ్చిన. మజ్జిగ పోసి పలసగ చేసిన. నోరు తెరువు."

పుష్పలత ఎక్కడున్నదో ఉరికొచ్చి కొట్టం ముంగట అడ్డం నిలబడ్డది.

"పండుకున్నది పిన్నీ. ఇప్పుడే కన్నంటింది."

"లేపు. చల్లారితే మింగదు."

"పగలంత నిద్ర లేదు పిన్నీ. పండుకోనియ్యి."

రామక్క పుష్పలత భుజం మీదికెళ్లి లోపటికి తొంగి చూసింది. ముడుచుకొని ఉన్న ఒళ్లు కనబడ్డది. ప్రమీల పక్కన కూసోని ఇసనకర్రతోటి ఇసురుతున్నది. చలికాలంల.

"ఇసురుడేందే పిల్లా?"

"దోమలు," అన్నది ప్రమీల.

"మొకం మీదికి కప్పింది కూడ దోమలకేనా?"

"అవ్."

రామక్క నవ్వింది. "ఎర్రక్కా, నీ నసీబు చూడే! పిల్లలు లేరని ముత్యాలమ్మ గద్దె చుట్టు మోకాళ్ల మీద తిరిగితివి. నేనూ నీ ఎంబడే ఉంటి. ఆమె కొడుకునిచ్చింది. ఆ కొడుకు దేవుడైండు. ఇచ్చినామె పశువుల కొట్టంల, అడిగినామె పశువుల కొట్టంల! ఇద్దరూ మంచిగ ముచ్చట పెట్టుకుంటుండ్రా?"

ఎవరూ నవ్వలె.

"ఏంది, ఇంట్ల ఎవరో సచ్చినట్టు మొకాలు పెట్టుకున్నరు! పిలగాడు దేవుని దగ్గరికి పోతుండు. నవ్వుండ్రి." రామక్క గంగయ్య దిక్కు తిరిగింది. "బావా, నువ్వన్న చెప్పు. ఎట్లున్నది మా అక్క?"

ప్రమీల చేతిల ఇసనకర్ర ఆగింది.

గంగయ్య రామక్కను చూసిండు. పెదవి కదిలింది. మళ్ల మూసుకున్నది.

"ఈన్ని అడుగుడొకటి, గోడను అడుగుడొకటి," అన్నది రామక్క. గిన్నె పుష్పలత చేతుల పెట్టింది. "లేచినంక తినిపియ్యి. గిన్నె పొద్దుగాల తీసుకపోత. మొత్తం తిన్నదా లేదా చూస్త."

ఆమె పోయింది. పుష్పలత గిన్నె పట్టుకొని అట్లనే నిలబడ్డది.

"తిను," అని ప్రమీల ముందట పెట్టింది.

"ఏంది?"

"గిన్నె ఖాళీ కావాలె. పారబోస్తే కుక్కలు జమైతయ్, ఆమె దడి ఎనకనే ఉంటది, చూస్తది. నేను తిందామంటే ఇయ్యాల ఉపాసం."

"శవం లేవంది ఇంట్ల ముద్ద ముడ్తరా వదినె? మనుషులమేనా?"

"మెల్లగ."

"శవాన్ని పక్కన పెట్టుకొని, శవం కోసం తెచ్చిన గటక..." ప్రమీల నోటికి కొంగు అడ్డం పెట్టుకొని వంగిపోయింది.

గంగయ్య చెయ్యి చాపి గిన్నె తీసుకున్నడు.

ఎర్రమ్మ తలాపుననే కూసోని తిన్నడు. ఒక్కొక్క ముద్ద మింగిండు. గిన్నెకు అంటుకున్నది కూడ ఏలితోటి తీసి నాకిండు. తర్వాత గిన్నె కడిగి కొట్టం గడప పక్కన బోర్లించిండు. ఇద్దరు ఆడోళ్లు ఆయన్ని చూడలేక మొకాలు తిప్పుకున్నరు.

ముత్యాలమ్మ రాయి కాడ ఆ మాపు ఎవరూ దీపం పెట్టలె. పెట్టే మనిషి మంచం మీద ఉన్నది.

* * *

తెల్లారింది. మంచు ఇంకా ఇడవలె. పందిట్ల గంట మోగుతున్నది. బస్సు ముందట అరటి పిలకలు కట్టిండ్రు. బజారు సగం వాడలకు వచ్చి నిలబడ్డది. ఎన్నడూ రానోళ్లు వచ్చిండ్రు.

సుబ్బరత్నం గురుస్వామి పీఠం కాడ కుర్చీల కూసున్నడు. బట్టల కొట్టు ఆయనది. ఎన్నో ఏండ్లసంది కొండకు మనుషుల్ని తోల్కపోతున్నడు. ఆయన ముందల బాలకృష్ణ రెండు నోర్ల సంచి పట్టుకొని మోకాళ్ల మీద కూసున్నడు. టెంకాయల నెయ్యి పోసుడు అయింది.

"ఇగ బియ్యం," అన్నడు సుబ్బరత్నం. "ముందుగాల కన్నోళ్లు. తల్లిని తోల్కరాండ్రి."

బాలకృష్ణ సంచి మూతి దగ్గరికి మూసిండు.

"అమ్మకు బాగలేదు గురుస్వామీ," అన్నడు బాలకృష్ణ. "లెవ్వదు. నాయిన పోస్తడు."

"లెవ్వదని ఎరికే. అందుకే ముందు ఆమె. కన్నతల్లి బియ్యం లేని ముడి నేను కట్ట. నువ్వు ఈ ఏడు ముందు నడిచేటోనివి. లెవ్వలేకుంటే పళ్లెంల బియ్యం తీసుకపోయి చెయ్యి తాకిచ్చి తేండ్రి. గంతే కదా."

"నేను తెస్త!" పుష్పలత పళ్లెం అందుకున్నది. రెండడుగులు ఏసింది. ఇంటి మూల తిరిగి, గోడ చాటున నిలబడి, ఎనక్కి వస్తే చాలు. ఆమె మొకంల ఆ సంగతి కనబడుతున్నది. బాలకృష్ణ మొకం కొంచెం తేటపడ్డది.

గంగయ్య ఆమె ఎదురుంగ వచ్చి నిలబడ్డడు. పళ్లెం పట్టుకున్నడు.

"మామా, నేను పోత."

ఆయన గుంజుకోలె. పట్టుకొని ఊకె నిలబడ్డడు. జనం చూస్తుండ్రు. పుష్పలత ఏళ్లు ఒక్కొక్కటి ఇడిసినయ్.

కొట్టంల ప్రమీల రాత్రి కూసున్న కాడనే కూసోని ఉన్నది. ఎర్రమ్మ ముడుచుకున్న తీరుగనే బిగుసుకపోయింది. దుప్పటి కిందికెళ్లి మోకాళ్లు కట్టెల లెక్క పొడుచుకొచ్చినయ్.

"ఏంది నాయినా ఆ బియ్యం?"

గంగయ్య మంచం పట్టె మీద పళ్లెం పెట్టిండు. దుప్పటి తీసి ఎర్రమ్మ కుడిచెయ్యి చూసిండు. పిడికిలి. ఏళ్లు తెరువ చూసిండు. రాలె. పిడికిలి మీద బియ్యం పోసిండు. కొన్ని జారి మంచంల పడ్డయ్, కొన్ని ఏళ్ల సందుల నిలిచినయ్. నిలిచినయన్ని ఒక్కొక్కటి గిల్లి తీసి పళ్లెంల ఏసుకున్నడు. మంచంల పడ్డయ్ కూడ ఏరుకున్నడు.

"ఆయన మాల మైల పడ్తది నాయినా," అన్నది ప్రమీల. నిన్నటిసంది ఆ మాట కోసమే కొట్లాడిన మనిషి భయపడ్డది. "నెత్తి మీద పెట్టుకొని కొండ ఎక్కుతడు. వద్దు. నోటితోటి చెప్పు. ఇదొద్దు."

గంగయ్య పళ్లెం తీసుకొని పందిట్లకు నడిచిండు.

జనం దారి ఇచ్చిండ్రు. కొందరు ఆ పళ్లానికి దండం పెట్టిండ్రు. బాలకృష్ణ తండ్రిని చూసిండు, పళ్లెం చూసిండు, తండ్రి ఏళ్ల కొసలు చూసిండు. ఆ బియ్యం నిజంగనే అమ్మ చేతిని తాకి వచ్చినయని అతనికి తెలిసింది.

"నాయినా," అన్నడు. దీక్ష మొదలైనకాడి నుంచి తండ్రిని స్వామి అనే పిలిచిండు. "నాయినా, వద్దు."

"పట్టు," అన్నడు గంగయ్య.

"సంచి మూతి తెరువు స్వామీ, చూస్తవేంది?" అన్నడు సుబ్బరత్నం.

చుట్టూత మనుషులు. హోటలాయన ఉన్నడు. పెద్దింటోళ్లు ఉన్నరు. రామక్క తన గిన్నె చంకల పెట్టుకొని ముందలనే ఉన్నది. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలె. బాలకృష్ణ సంచి మూతి తెరిచిండు.

గంగయ్య పిడికిలి నిండ తీసి పోసిండు. మళ్ల తీసి పోసిండు.

"అదృష్టవంతునివి," అన్నడు సుబ్బరత్నం. పురికొస అందుకున్నడు. "తల్లి చేతి బియ్యం. ఏమన్నది గంగయ్యా మీ ఆమె? దీవించిందా?"

బాలకృష్ణ తల ఎత్తిండు. పుష్పలత పందిరి గుంజ పట్టుకున్నది.

"ఏం అనలె," అన్నడు గంగయ్య. "చెయ్యి సల్లగున్నది."

సుబ్బరత్నం చేతుల పురికొస ఆగింది.

గంగయ్య పళ్లెం వంచి, అడుగున మిగిలిన గింజలు కూడ కొడుకు సంచిలకు దులిపిండు.